బిజోయ్ దిబోష్: బంగ్లాదేశ్ విజయ దినం

బంగ్లాదేశ్ తన స్వాతంత్ర్యాన్ని ఏడాదిలో రెండుసార్లు తలుచుకుంటుంది. మార్చి 26 స్వాతంత్ర్య దినం, డిసెంబరు 16 విజయ దినం. స్వాతంత్ర్యం ప్రకటించుకున్నది మార్చిలో. అది చేతికందింది డిసెంబరులో. మధ్యలో గడిచిన దాదాపు తొమ్మిది నెలలను అక్కడి ప్రజలు విమోచన యుద్ధం అంటారు. బెంగాలీలో బిజోయ్ దిబోష్‌గా పిలిచే డిసెంబరు 16 ఆ యుద్ధం ముగిసిన రోజు. 1971లో ఆ సాయంత్రం ఢాకాలోని రమ్నా రేస్‌కోర్స్ మైదానంలో పాకిస్తాన్ తూర్పు కమాండ్ అధిపతి లెఫ్టినెంట్ జనరల్ ఎ.ఎ.కె. నియాజీ లొంగుబాటు పత్రం మీద సంతకం చేశారు.

భారతదేశంలోనూ ఇదే తేదీన విజయ్ దివస్ జరుగుతుంది. అయితే ఇక్కడి జ్ఞాపకం డిసెంబరు 3న మొదలై 16తో ముగిసిన యుద్ధం చుట్టూ తిరుగుతుంది. బంగ్లాదేశ్‌లో మార్చి 25 రాత్రి నుంచి లెక్కపెడతారు. ఇంకా వెనక్కి వెళ్లి 1952 నుంచి లెక్కపెట్టేవారూ ఉన్నారు. ఈ పండుగను అర్థం చేసుకోవడానికి ఆ పొడుగాటి లెక్కే సరైనది.

1947లో పాకిస్తాన్ రెండు ముక్కలుగా పుట్టింది. రెంటి మధ్య సుమారు 1,600 కిలోమీటర్ల భారత భూభాగం. దేశ జనాభాలో సగానికి మించి తూర్పు భాగంలోనే ఉన్నా రాజధాని, సైన్యం, ఉన్నతోద్యోగాలు, పెద్ద పెట్టుబడులు పడమట ఉండేవి. తూర్పున పండిన జనపనార తెచ్చిపెట్టిన విదేశీ మారకం పడమటి పరిశ్రమలకు తరలిపోతోందన్నది బెంగాలీల ఆవేదన. అయినా మొదటి పేచీ డబ్బు దగ్గర రాలేదు, భాష దగ్గర వచ్చింది. 1948 మార్చి 21న మహమ్మద్ అలీ జిన్నా ఢాకా రేస్‌కోర్స్ మైదానంలో మాట్లాడుతూ పాకిస్తాన్‌కు రాజభాష ఉర్దూ ఒక్కటేనని చెప్పారు. విన్నవారిలో అత్యధికులకు ఉర్దూ రాదు. 1952 ఫిబ్రవరి 21న బెంగాలీకి కూడా రాజభాష హోదా కావాలని ఊరేగిన విద్యార్థుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. రఫీక్, సలాం, బర్కత్, జబ్బార్ వంటి యువకులు ప్రాణాలు వదిలారు. 1956 నాటి రాజ్యాంగంలో బెంగాలీకి స్థానం దొరికింది. 1999లో యునెస్కో ఆ ఫిబ్రవరి 21నే అంతర్జాతీయ మాతృభాషా దినంగా ప్రకటించింది.

1956 రాజ్యాంగం తరువాత సైనిక పాలన వచ్చింది. 1966లో అవామీ లీగ్ నాయకుడు షేక్ ముజిబుర్ రెహమాన్ ఆరు సూత్రాల కార్యక్రమంతో తూర్పు భాగానికి విస్తృత స్వయంప్రతిపత్తి కోరారు. ప్రభుత్వం ఆయన మీద అగర్తలా కుట్ర కేసు పెట్టింది. 1969లో లేచిన ప్రజా వెల్లువకు ఆ కేసు నిలవలేదు. విడుదలైన మరునాడే, ఫిబ్రవరి 23న, విద్యార్థులు ఆయనకు బంగబంధు అన్న బిరుదు ఇచ్చారు.

1970 నవంబరు 12 రాత్రి భోలా తుపాను తూర్పు పాకిస్తాన్ తీరాన్ని ముంచేసింది. మూడు లక్షల మందికి తక్కువ కాకుండా చనిపోయారని అంచనా. ఏడేళ్ల తరువాత దివిసీమను ముంచిన ఉప్పెనను ఎరిగిన తెలుగువారు ఆ విపత్తు తీరును ఊహించగలరు. ప్రాణనష్టం మాత్రం దానికి ఎన్నో రెట్లు. సాయం చేయడంలో పాలకులు చూపిన ఆలస్యం, అలసత్వం బాధితుల గుండెల్లో నాటుకుపోయాయి. నెల తిరగకముందే, డిసెంబరు 7న, సార్వత్రిక ఎన్నికలు జరిగాయి. తూర్పున 162 సాధారణ స్థానాలుంటే అవామీ లీగ్ 160 గెలిచింది. మహిళల స్థానాలతో కలిపితే 313 మంది సభలో 167. పాకిస్తాన్ మొత్తానికి స్పష్టమైన మెజారిటీ అది. అధికారం మాత్రం అందలేదు. మార్చి 3న కూడవలసిన జాతీయ సభను అధ్యక్షుడు యాహ్యాఖాన్ మార్చి 1న వాయిదా వేశారు. తూర్పు భాగం మొత్తం స్తంభించిపోయింది. మార్చి 7న అదే రేస్‌కోర్స్ మైదానంలో ముజిబ్ చేసిన ప్రసంగం విన్న జనానికి ఇక వెనుకకు దారి లేదని తేలిపోయింది. ఆ ప్రసంగాన్ని 2017లో యునెస్కో ప్రపంచ స్మృతి జాబితాలో చేర్చింది.

మార్చి 25 అర్ధరాత్రి సైన్యం ఢాకా మీద విరుచుకుపడింది. ఆపరేషన్ సెర్చ్‌లైట్ అని దానికి పేరు పెట్టారు. ఢాకా విశ్వవిద్యాలయం హాస్టళ్లు, రాజార్‌బాగ్ పోలీసు లైన్లు, పీల్‌ఖానాలోని సరిహద్దు దళ కేంద్రం మొదటి లక్ష్యాలు. ముజిబ్‌ను అరెస్టు చేసి పశ్చిమ పాకిస్తాన్ తరలించారు. నాయకుడు జైల్లో ఉండగా, ఆయన పేరు మీదే యుద్ధం నడిచింది.

ఆ యుద్ధంలో రేడియోకు దక్కిన స్థానం గురించి కాస్త వివరంగానే చెప్పాలి. మార్చి 26న చిట్టగాంగ్ శివారులోని కాలూర్‌ఘాట్ ట్రాన్స్‌మిటర్‌ను బేలాల్ మొహమ్మద్, ఆయన సహోద్యోగులు స్వాధీనం చేసుకుని స్వాధీన్ బంగ్లా బేతార్ కేంద్రం పేరిట ప్రసారాలు ప్రారంభించారు. స్వాతంత్ర్య ప్రకటన అక్కడి నుంచే వినిపించింది. స్థానిక నాయకుడు ఎం.ఎ. హన్నాన్ 26న చదివారు. మేజర్ జియావుర్ రెహమాన్ 27న ముజిబ్ తరఫున చదివారు. తిరగబడ్డ బెంగాలీ సైనికులకు, ఎటుపోవాలో తోచని పౌరులకు ఒక సైనికాధికారి గొంతు వినబడటం కొండంత ధైర్యమిచ్చింది. మార్చి 30న పాకిస్తాన్ విమానాలు ఆ కేంద్రం మీద బాంబులు వేశాయి. సిబ్బంది చిన్న ట్రాన్స్‌మిటర్‌తో త్రిపుర వైపు తరలివెళ్లారు. మే 25 నుంచి కలకత్తాలో, బాలీగంజ్‌లోని ఒక ఇంటి గదుల్లో కార్యక్రమాలు తయారుచేసి 50 కిలోవాట్ల ట్రాన్స్‌మిటర్ ద్వారా వినిపించారు. ఎం.ఆర్. అఖ్తర్ ముకుల్ ఢాకా వీధుల యాసలో రాసి చదివిన చరమపత్ర అన్న కార్యక్రమం ఆ మొదటి రోజే మొదలై విజయ దినం దాకా సాగింది. శత్రు సేనను అందులో ఆయన ఎగతాళి చేస్తుంటే భయంలో బతుకుతున్న జనం తలుపులు వేసుకుని, ధ్వని తగ్గించుకుని విని ఊపిరి పీల్చుకున్నారు. ఆకాశవాణి కలకత్తా కేంద్రంలో దేబదులాల్ బందోపాధ్యాయ వార్తలు చదివిన తీరు సరిహద్దుకు రెండు వైపులా ఇంటింటికీ పరిచయమైంది. 1972లో భారత ప్రభుత్వం ఆయనకు పద్మశ్రీ ఇచ్చింది.

రేడియో ఆయుధంగా కూడా పనిచేసింది. ఆగస్టు 15 అర్ధరాత్రి చిట్టగాంగ్, మోంగ్లా, చాంద్‌పూర్, నారాయణ్‌గంజ్ రేవుల్లో బెంగాలీ ఈతగాళ్లు ఒకేసారి ఓడలకు మందుపాతరలు అంటించి పేల్చారు. వాళ్లు ప్లాసీ దగ్గర భాగీరథీ నదిలో శిక్షణ పొందిన యువకులు, ఎక్కువమంది విద్యార్థులు. ఎప్పుడు కదలాలో వారికి తెలియజేసినవి ఆకాశవాణి కలకత్తా ప్రసారం చేసిన రెండు బెంగాలీ పాటలు. మొదటి పాట వినబడితే సిద్ధం కావాలి. రెండోది వినబడితే నీళ్లలోకి దిగాలి. మామూలు శ్రోతకు అవి రోజూ వినే పాటలే.

ఈలోగా ఏప్రిల్ 10న ఏర్పడిన తాత్కాలిక ప్రభుత్వం 17న సరిహద్దు గ్రామమైన బైద్యనాథ్‌తలాలో, ఒక మామిడితోటలో, ప్రమాణం చేసింది. ఆ ఊరికి ముజిబ్‌నగర్ అని పేరు పెట్టారు. సయ్యద్ నజ్రుల్ ఇస్లాం తాత్కాలిక రాష్ట్రపతి. తాజుద్దీన్ అహ్మద్ ప్రధానమంత్రి. కర్నల్ ఎం.ఎ.జి. ఉస్మానీ సేనాధిపతి. దేశాన్ని 11 సెక్టార్లుగా విడదీసి పోరాటం నడిపారు. ముక్తివాహినిలో పాత సైనికులు, పోలీసులతో పాటు రైతు బిడ్డలు, కాలేజీ కుర్రాళ్లు, కూలీలు చేరారు. రైలు వంతెనలు కూలాయి, సైనిక కాన్వాయ్‌లకు రాత్రిపూట దారి మూసుకుపోయింది. సుమారు కోటి మంది శరణార్థులై భారత్ చేరారు. మృతుల సంఖ్య 30 లక్షలని బంగ్లాదేశ్ ప్రభుత్వం చెబుతుంది. పరిశోధకుల అంచనాలు అంతకు చాలా తక్కువ నుంచి మొదలవుతాయి. ఏ అంచనా తీసుకున్నా అది సామాన్యుల మీద సాగిన ఘోరమైన హత్యాకాండే. రెండు లక్షలకు పైగా స్త్రీలు అత్యాచారాలకు గురయ్యారని బంగ్లాదేశ్ లెక్క. కొత్త రాజ్యం వారిని బీరాంగనలని గౌరవించింది. వారిని స్వాతంత్ర్య యోధుల జాబితాలో చేర్చడం మాత్రం 2015లో గానీ మొదలు కాలేదు. నలభై ఏళ్లు దాటిన ఆ జాప్యం బాధ కలిగిస్తుంది.

డిసెంబరు 3 సాయంత్రం పాకిస్తాన్ విమానాలు భారత వైమానిక స్థావరాల మీద దాడి చేయడంతో యుద్ధం బహిరంగమైంది. 6న భూటాన్, భారత్ బంగ్లాదేశ్‌ను గుర్తించాయి. భారత సేన, ముక్తివాహిని ఉమ్మడి కమాండ్ కింద నదులు దాటుకుంటూ ఢాకా వైపు నడిచాయి. పట్టణాలు ఒక్కొక్కటే విడుదలయ్యాయి. జెస్సోర్ 6న, కుమిల్లా 8న, టాంగైల్ 11న. ఇప్పటికీ ఆయా జిల్లాల వారు ఆ తేదీల్లో తమ ముక్త దిబోష్‌ను వేరుగా జరుపుకుంటారు. కాబట్టి డిసెంబరు అంతా అక్కడ విజయ మాసమే. భారత సేనాధిపతి మానెక్‌షా రేడియో ద్వారా, కరపత్రాల ద్వారా పాకిస్తాన్ సైనికులను లొంగిపొమ్మని పదేపదే కోరారు.

ఓటమి ఖాయమని తేలిన ఆ రోజుల్లోనే పాకిస్తాన్ సైన్యానికి తోడుగా పనిచేసిన అల్ బదర్ దళాలు ఢాకాలో ఇళ్ల నుంచి మేధావులను పట్టుకుపోయాయి. నాటకకర్త మునీర్ చౌధురి, నవలాకారుడు షహీదుల్లా కైసర్, హృద్రోగ నిపుణుడు ఫజ్లే రబ్బీ, కంటి డాక్టరు అలీం చౌధురి, పాత్రికేయురాలు సెలీనా పర్వీన్ వారిలో కొందరు. కొత్త దేశానికి పాఠం చెప్పవలసినవారు, వైద్యం చేయవలసినవారు, రాయవలసినవారు పుట్టబోయే దేశానికి లేకుండా పోయారు. రాయేర్ బజార్ ఇటుక బట్టీల దగ్గర, మీర్‌పూర్‌లో పలువురి శవాలు దొరికాయి. డిసెంబరు 14ను అమర మేధావుల దినంగా పాటిస్తారు. విజయ దినానికి రెండు రోజుల ముందు వచ్చే ఆ సంతాపాన్ని దాటుకునే పండుగలోకి అడుగు పెట్టాలి.

16వ తేదీ ఉదయం భారత సేనకు చెందిన మేజర్ జనరల్ నాగ్రా, టాంగైల్ ప్రాంతంలో సొంత దళంతో పోరాడిన కాదర్ సిద్దిఖీ మీర్‌పూర్ వంతెన దగ్గరికి చేరుకున్నారు. భారత తూర్పు కమాండ్ చీఫ్ ఆఫ్ స్టాఫ్ మేజర్ జనరల్ జె.ఎఫ్.ఆర్. జేకబ్ లొంగుబాటు పత్రం ముసాయిదాతో ఢాకాలో దిగి నియాజీని ఒప్పించారు. సాయంత్రం నాలుగున్నర దాటాక, మైదానంలో వేసిన ఒక మామూలు బల్ల మీద, భారత తూర్పు కమాండ్ అధిపతి లెఫ్టినెంట్ జనరల్ జగ్‌జిత్ సింగ్ అరోరా ఎదుట నియాజీ సంతకం పెట్టి తన రివాల్వర్ అప్పగించారు. చుట్టూ జనసముద్రం. బంగ్లాదేశ్ సేనల తరఫున గ్రూప్ కెప్టెన్ ఎ.కె. ఖాందకర్ హాజరయ్యారు. ఉస్మానీ రాలేకపోయారు. ఆ వెలితి గురించి బంగ్లాదేశ్‌లో నేటికీ మాట్లాడుకుంటారు. బందీలైనవారు సైనికులు, పౌరులు కలిపి సుమారు 93 వేలు. ఉర్దూ ఒక్కటేనని జిన్నా చెప్పిన మైదానం, ముజిబ్ మార్చి 7న మాట్లాడిన మైదానం అదే. ఇప్పుడది సుహ్రావర్ది ఉద్యాన్.

ఆ సంతకంతో తుపాకులన్నీ ఒక్కసారిగా ఆగలేదు. చిట్టగాంగ్, ఖుల్నాలో లొంగుబాటు 17న జరిగింది. ఢాకాలోని మీర్‌పూర్ 1972 జనవరి 31 దాకా పాకిస్తాన్ అనుకూల సాయుధుల చేతిలోనే ఉంది. అన్న షహీదుల్లా కైసర్‌ను వెతుక్కుంటూ జనవరి 30న అక్కడికి వెళ్లిన సినీ దర్శకుడు జహీర్ రాయ్‌హాన్ తిరిగి రాలేదు. ముజిబ్ పాకిస్తాన్ జైలు నుంచి విడుదలై లండన్, ఢిల్లీ మీదుగా జనవరి 10న ఢాకా చేరారు. మార్చిలో భారత సేనలు వెనుదిరిగాయి. గెలిచిన మూడు నెలలకే మిత్రసేన వెళ్లిపోవడం కొత్త దేశ గౌరవానికి ఎంతో అవసరమైన పని.

తొలి వార్షికోత్సవమైన 1972 డిసెంబరు 16న బంగ్లాదేశ్ రాజ్యాంగం అమల్లోకి వచ్చింది. యుద్ధంలో గెలిచిన రోజునే చట్టబద్ధ పాలనకు మొదటి రోజుగా ఎంచుకోవడం ఆలోచించి చేసిన పని. ఢాకాకు వాయవ్యంగా ఉన్న సావర్‌లో జాతీయ అమరవీరుల స్మారకానికి అదే రోజు శంకుస్థాపన జరిగింది. సయ్యద్ మైనుల్ హుసేన్ రూపకల్పన చేసిన ఆ కట్టడం 1982 డిసెంబరు 16న పూర్తి రూపంతో ప్రజల ముందుకు వచ్చింది. ఒకదాని వెనుక ఒకటిగా ఏడు జతల త్రికోణపు గోడలు 150 అడుగుల ఎత్తు దాకా లేస్తాయి. 1952 భాషోద్యమం, 1954 ఎన్నికలు, 1956 రాజ్యాంగం, 1962 విద్యార్థుల విద్యా ఉద్యమం, 1966 ఆరు సూత్రాలు, 1969 ప్రజా వెల్లువ, 1971 యుద్ధం. ఈ ఏడు మజిలీలకు అవి గుర్తులు. ప్రాంగణంలో పేరు తెలియని అమరుల సామూహిక సమాధులున్నాయి. విజయం వెనుక ఇరవై ఏళ్ల దారి ఉందని ఇంత సూటిగా చెప్పే స్మారకాలు అరుదు.

యుద్ధంలో అత్యున్నత పరాక్రమం చూపిన ఏడుగురికి మరణానంతరం బీర్ శ్రేష్ఠో పురస్కారం దక్కింది. వారిలో ఇద్దరు చాలాకాలం పరాయి నేలలోనే ఉండిపోయారు. ఫ్లైట్ లెఫ్టినెంట్ మతియుర్ రెహమాన్ 1971 ఆగస్టు 20న కరాచీ నుంచి శిక్షణ విమానంతో తప్పించుకోబోయి మరణించారు. ఆయన అవశేషాలు 2006లో స్వదేశం చేరాయి. ధలాయ్ పోరులో నేలకొరిగిన సిపాయి హమీదుర్ రెహమాన్‌ను త్రిపురలో ఖననం చేశారు. ఆయన 2007లో తిరిగి వచ్చారు.

నేడు విజయ దినం తెల్లవారగానే 31 తుపాకుల వందనంతో మొదలవుతుంది. రాష్ట్రపతి, ప్రభుత్వాధినేత సావర్‌లో పుష్పాంజలి ఘటిస్తారు. ఆ వెంటనే గేట్లు జనానికి తెరుస్తారు. మంచు ఇంకా విడవని ఆ పొద్దుటి వేళ వృద్ధులైన యోధులు, ఆకుపచ్చ, ఎరుపు రంగుల చీరలూ కుర్తాలూ వేసుకున్న పిల్లలు, పూలతో వచ్చిన కార్మిక సంఘాలు వరుస కడతాయి. ఎన్నో ఏళ్లు ఢాకా పెరేడ్ స్క్వేర్‌లో సైనిక కవాతు ముఖ్య ఆకర్షణగా ఉంటూ వచ్చింది. ఆసుపత్రులు, జైళ్లు, అనాథాశ్రమాల్లో మంచి భోజనం పెడతారు. చిట్టగాంగ్‌లో బిజోయ్ మేళా పెద్ద సంత. ఇళ్ల మీద ఎగిరే జెండాకూ ఒక కథ ఉంది. యుద్ధకాలపు జెండాలో ఎర్రటి వృత్తం మధ్య దేశపటం పసుపు రంగులో ఉండేది. 1972 జనవరిలో ఆ పటాన్ని తీసేశారు. చిత్రకారుడు కమ్రుల్ హసన్ తీర్చిన రూపమే ఇప్పటి జెండా.

భారత్‌లో ఈ రోజున కలకత్తా ఫోర్ట్ విలియమ్‌లో, ఢిల్లీలోని జాతీయ యుద్ధ స్మారకం దగ్గర నివాళులు జరుగుతాయి. గంగాసాగర్ పోరులో ప్రాణమిచ్చిన లాన్స్ నాయక్ ఆల్బర్ట్ ఎక్కా తూర్పు రంగంలో పరమవీర చక్ర పొందిన ఏకైక సైనికుడు. తెలుగు నేలకు ఈ యుద్ధంతో సూటి సంబంధం కలిపేది విశాఖపట్నం. విక్రాంత్ విమానవాహక నౌకను ముంచడానికి వచ్చిన పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ డిసెంబరు 3 అర్ధరాత్రి విశాఖ రేవు బయట మునిగిపోయింది. అందులోని వారెవరూ బతకలేదు. అప్పటికే విక్రాంత్ అండమాన్ వైపు తరలిపోయింది. విక్రాంత్ ఇక్కడే ఉందని నమ్మించడానికి రాజ్‌పుత్ అనే పాత నౌక దాని పేరుతో సంకేతాలు పంపింది. రాజ్‌పుత్ వేసిన డెప్త్ ఛార్జీల వల్లే ఘాజీ మునిగిందని భారత నౌకాదళం అంటుంది. లోపల జరిగిన పేలుడో, సొంత మందుపాతరో కారణమని పాకిస్తాన్ చెబుతుంది. అండమాన్ నుంచి విక్రాంత్ విమానాలు చిట్టగాంగ్, కాక్స్ బజార్ మీద దాడి చేసి సముద్రమార్గం మూసేశాయి. లొంగుబాటు ఫొటోలో బల్ల వెనుక నిలబడ్డవారిలో విశాఖ కేంద్రంగా ఉన్న తూర్పు నౌకాదళ కమాండ్ అధిపతి వైస్ అడ్మిరల్ ఎన్. కృష్ణన్ కూడా ఉన్నారు. విశాఖ బీచ్ రోడ్డులో 1996లో కట్టిన విక్టరీ ఎట్ సీ స్మారకం ఆ యుద్ధానిదే. దానికి దగ్గర్లో మ్యూజియంగా నిలిచిన కుర్సురా కూడా 1971లో యుద్ధ విధుల్లో పాల్గొన్న జలాంతర్గామి. ఘాజీ ఉదంతం ఆధారంగా 2017లో తెలుగులో ఘాజీ సినిమా వచ్చింది.

పాకిస్తాన్ ఈ రోజును ఢాకా పతనంగా గుర్తుంచుకుంటుంది. అది బంగ్లాదేశ్‌ను గుర్తించింది 1974 ఫిబ్రవరిలో. చైనా వీటో కారణంగా ఆగిన ఐక్యరాజ్యసమితి సభ్యత్వం బంగ్లాదేశ్‌కు అదే ఏడాది సెప్టెంబరులో దొరికింది. దేశం లోపల కూడా ఈ రోజు కథనం ప్రభుత్వాలతో పాటు మారుతూ వచ్చింది. 1975 ఆగస్టు 15న ముజిబ్ హత్య తరువాత ఏళ్ల తరబడి అధికారిక వేడుకల్లో ఆయన పేరు మసకబారింది. ఆయన కుమార్తె షేక్ హసీనా పాలించిన కాలంలో మిగతా పేర్లు వెనుకబడ్డాయి. స్వాతంత్ర్యం ముందు ప్రకటించినది ఎవరన్న దాని మీద ముజిబ్, జియా పేర్లతో నడిచే రెండు పార్టీలు దశాబ్దాలుగా తగువులాడుకుంటున్నాయి. 2024 ఆగస్టులో విద్యార్థి ఉద్యమంతో హసీనా ప్రభుత్వం కూలిన తరువాత పాఠ్యపుస్తకాల నుంచి విగ్రహాల దాకా ఆ వాదం మళ్లీ రేగింది. నియాజీ సంతకం, పల్లెల్లోని సామూహిక సమాధులు మాత్రం ఏ పార్టీ సొత్తూ కావు.

విజయ దినం రోజున ఎవరూ తలుచుకోని వారు కూడా ఉన్నారు. విభజన సమయంలో బిహార్ తదితర ప్రాంతాల నుంచి వచ్చి తూర్పున స్థిరపడిన ఉర్దూ మాట్లాడే ముస్లింలలో చాలామంది పాకిస్తాన్ పక్షాన నిలిచారు. కొందరు సైన్యంతో కలిసి హింసలో పాల్గొన్నారు. యుద్ధానికి ముందూ తరువాతా ఏ పాపం ఎరుగని ఉర్దూ కుటుంబాలు కూడా బెంగాలీ గుంపుల ప్రతీకారానికి బలయ్యాయి. పాకిస్తాన్ వారిలో కొందరినే తీసుకుంది. మిగిలినవారు ఢాకా మొహమ్మద్‌పూర్‌లోని జెనీవా క్యాంపు వంటి శిబిరాల ఇరుకు గదుల్లో ఏ దేశానికీ చెందకుండా రెండు తరాలు గడిపారు. 1971లో మైనర్లుగా ఉన్నవారు, ఆ తరువాత పుట్టినవారు బంగ్లాదేశ్ పౌరులేనని అక్కడి హైకోర్టు 2008లో తీర్పు ఇచ్చింది. దాంతో వారికి ఓటు హక్కు వచ్చింది. శిబిరాలు మాత్రం ఇంకా ఖాళీ కాలేదు.